ఎవరి హోటలు? ఎవరి పెట్టుబడి?

పరాయి దేశం పోయి హోటలు పెట్టి పైకొచ్చిన తెలుగువాడి కథంటే మన పత్రికలకు మహా ముద్దు. ఆదివారం అనుబంధాల్లో, తెలుగు సంఘాల మహాసభల సావనీర్లలో ఆ కథ ఎప్పుడూ ఒకే అచ్చులో వస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా విమానమెక్కాడు, ఎవరి హోటల్లోనో గిన్నెలు కడిగాడు, సొంతంగా చిన్న మెస్సు పెట్టాడు, ఇవాళ పాతికమందికి పని ఇస్తున్నాడు. చివరన ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఈ విజయం వెనుక ఆయన భార్య సహకారం ఎంతో ఉంది.

ఆ చివరి వాక్యం గురించే ఈ వ్యాసం. ముఖ్యంగా 'సహకారం' అన్న మాట గురించి.

పత్రికలు రాస్తే రాసుకోనీ అని ఊరుకునేదాన్నే. కానీ ఈ మధ్య మన సమావేశాల్లో కూడా ఇదే వరస వినిపిస్తోంది. కూలీగా పోయినవాడు కూలీగానే మిగిలిపోకూడదు, యజమాని కావాలి, వలస సమస్యకు అదే విరుగుడు అని స్వచ్ఛంద సంస్థల వాళ్ళు తీర్మానాలు రాస్తున్నారు. 'వలస పారిశ్రామికవేత్త' అని ఒక గౌరవప్రదమైన పేరు కూడా పెట్టారు. ఈ పేరు కింద ఎవరి శ్రమ ఉంది, ఎవరి బంగారం ఉంది అని అడగకుండానే స్త్రీల సంఘాలు చప్పట్లు కొట్టడం నాకు మింగుడు పడడం లేదు.

దోమకొండ నుంచి మొదలుపెడతాను. కామారెడ్డి జిల్లాలోని ఈ ఊరి పేరు చెప్పగానే చాలామందికి గడికోట గుర్తుకొస్తుంది. 2022లో ఆ కోటకు యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో ఒకటి వచ్చాక బయటి నుంచి చూడవచ్చేవాళ్ళు కూడా పెరిగారు. కోట చుట్టుపక్కల ఊళ్ళ చరిత్ర వేరు. బోర్లు ఎండితే పంట లేదు. మగవాళ్ళు ఒకప్పుడు బొంబాయి, భీవండి పోయారు, ఆ తర్వాత దుబాయి పోయారు. ఏ గల్ఫ్ దేశానికి పోయినా ఇక్కడ దాన్ని దుబాయి పోవడమనే అంటారు. ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టారు. తునికాకు కత్తిరిస్తూ, చీకటి పడేదాకా వంగి కూర్చుని, నడుములు పట్టేసి, దగ్గుతూ చుట్టారు. ఆ పనిని పొగడవలసిన అవసరం ఏమీ లేదు. కానీ ఒకటి గమనించాలి. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, 1976 నాటి సంక్షేమ నిధి చట్టం, పి.ఎఫ్., వీటన్నిటి వెనుక యూనియన్ల పోరాటం ఉంది. ఆ పోరాటం వల్ల బీడీలు చుట్టే ఆమెకు ఒక గుర్తింపు కార్డు, ఒక పి.ఎఫ్. నంబరు దక్కాయి. చాలామంది స్త్రీలకు తమ పనిని పనిగా ఒప్పుకుని, తమ పేరు మీదే వచ్చిన కాగితం అదొక్కటే.

ఇప్పుడు మెస్సు ఎట్లా పుడుతుందో చూద్దాం. గల్ఫ్‌లో మనవాళ్ళు ఒక్కో గదిలో పదిమంది చొప్పున ఉంటారు. పన్నెండు గంటల పని చేసి వచ్చి వండుకునే ఓపిక ఉండదు. వంట చేతనైనవాడొకడు నెలకింత అని డబ్బు తీసుకుని మిగిలినవాళ్ళకు వండి పెట్టడం మొదలుపెడతాడు. గిరాకీ పెరిగితే బర్ దుబాయిలోనో, కరామాలోనో, షార్జాలోనో చిన్న హోటల్లో వాటా తీసుకుంటాడు. చుట్టూ ఉండేది మలయాళీలు, తమిళులు, పాకిస్తానీలు, మనవాళ్ళు. మన ఊరి భాషలో పలకరించి, పచ్చిపులుసు పోసేచోటికి మనవాళ్ళు రాకుండా ఉండరు. ఈ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. సొంత మనుషుల నోటికి సొంత తిండి అందించడం నిజంగా పెద్ద పనే.

కానీ వాటాకు డబ్బు ఎక్కడిది? జీతంలో మిగిల్చిందే అంటారు. నేను మాట్లాడిన ఆడవాళ్ళు చెప్పే లెక్క వేరుగా ఉంది. మొదటిసారి ఏజెంటుకు కట్టినప్పుడే పుస్తెలతాడు కుదువకు పోయింది. రెండోసారి, హోటల్లో వాటా కోసం, తల్లిగారు పెట్టిన బంగారం అమ్ముడుపోయింది. అది చాలకపోతే సంఘం అప్పు వచ్చింది. ఆ అప్పు దరఖాస్తులో 'ప్రయోజనం' అన్న గడిలో బర్రె అని రాసి ఉంటుంది. ఆ బర్రె ఎప్పుడూ కొట్టంలోకి రాలేదు. దుబాయి పోయి హోటలైంది! సంఘంలో అందరికీ ఈ సంగతి తెలుసు, రాసే అమ్మాయికీ తెలుసు. అప్పు ఆమె పేరు మీద, కిస్తీ ఆమె పేరు మీద, పూచీ తోటి ఆడవాళ్ళది. హోటల్లో వాటా మాత్రం ఆయన పేరు మీద.

హోటలు నడిస్తే కామారెడ్డిలో ప్లాటు కొంటారు, అదీ ఆయన పేరు మీదే. నడవకపోతే? భాగస్తుడు మోసం చేస్తే, ఆజాద్ వీసా అని అమ్మింది తీరా ఏ పనికీ రాని కాగితమైతే, ఆయన ఖల్లివెల్లి అయిపోతాడు, అంటే కాగితాలు లేనివాడు. ఆమ్నెస్టీ ప్రకటించేదాకా దాక్కుని బతకాలి. యు.ఎ.ఇ. ప్రభుత్వం 2007లో, 2018లో, మళ్ళీ 2024లో ఇచ్చింది. ఆ మధ్య సంవత్సరాల్లో కిస్తీ కట్టేదెవరు? చాట ముందు కూర్చున్న ఆమె. లాభమొస్తే ఆయన వ్యాపారం, నష్టమొస్తే ఆమె అప్పు. ఇంత పెట్టుబడి పెట్టి, ఇంత నష్టభయం మోసినవాళ్ళను ఏ అర్థశాస్త్రమైనా భాగస్తులనే అంటుంది. మనం మాత్రం 'సహకరించింది' అంటున్నాం.

ఇక ఆమె కూడా అక్కడికి పోయిన సందర్భం ఉంది. ఈ ప్రాంతం నుంచి అది తక్కువే, ఎందుకో కూడా చెప్పుకోవాలి. పదో తరగతి పాసుకాని ఆడమనిషికి 30 ఏళ్ళు నిండకుండా గల్ఫ్‌లో పనికి పోవడానికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. రక్షణ కోసమట! ఇక భర్త వెంట కుటుంబ వీసా మీద పోవాలంటే, 2019 నుంచి యు.ఎ.ఇ.లో ఆయన నెల ఆదాయం 4,000 దిర్హాములు ఉండాలి, లేదా వసతితో కలిపి 3,000 ఉండాలి. హోటల్లో పని చేసేవాడికి అది అందని ద్రాక్ష. హోటలు నిలదొక్కుకున్నవాడికే భార్యను తెచ్చుకునే యోగ్యత వస్తుంది. వచ్చిన ఆమె కాగితాల మీద గృహిణి. పొద్దున నాలుగింటికి లేచి యాభైమందికి పిండి కలిపే గృహిణి! తనకంటూ పని పర్మిట్ లేదు కనుక తనిఖీవాళ్ళు వస్తే వంటింట్లో నుంచి లేచి పోవాలి. ఇంత చేసి తిరిగి వచ్చిన ఒకామెను, హోటల్లో నీ వాటా ఎంత అని అడిగాను. "నాదేమున్నదక్కా, వండుడే గదా" అన్నది. ఊళ్ళో బీడీలు చుట్టినన్నాళ్ళూ కార్మికురాలిగా కార్డు ఉన్న మనిషి, విదేశం పోయి హోటలు నడిపి, ఏ కార్డూ లేకుండా తిరిగొచ్చింది.

ఇక్కడ మగవాళ్ళు చెప్పుకునే ఒక బాధ గురించి చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా దాని మీదే నిలబడుతుంది. 2021 దాకా యు.ఎ.ఇ.లో స్వేచ్ఛా మండలాల బయట కంపెనీ పెట్టాలంటే 51 శాతం వాటా స్థానిక పౌరుడి పేరు మీద ఉండాలి. ఆ ఏడాది జూన్ నుంచి చాలా వ్యాపారాలకు ఆ నియమం సడలించారు. అంతకు ముందు ఏళ్ళ తరబడి మనవాళ్ళు పెట్టుబడి పెట్టి, పొయ్యి వెలిగించి, బల్లలు తుడిచి హోటలు నడిపితే, లైసెన్సు మీద ముందు ఉండేది అరబ్బు పేరు. ఆయన హోటలు మొహం చూసేది ఏడాదికోసారి, సంతకం పెట్టి ఫీజు తీసుకుపోవడానికి. ఆయనకు కోపం వస్తే అంతా పోతుంది, కోర్టుకు పోవడానికి చేతిలో కాగితం ఉండదు. ఈ అన్యాయాన్ని మనవాళ్ళు చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోతుంది. చెమట మాది, పేరు వాడిది అంటారు. నిజమే, ముమ్మాటికీ నిజం.

మరి అదే హోటల్లో ఒక మెట్టు కిందికి దిగి చూడండి. చెమట ఆమెది, పేరు ఆయనది. ఆమె ఉండడానికి స్పాన్సరు ఆయన, ఆయనకు కోపం వస్తే వీసా రద్దు. కోర్టుకు పోవడానికి చేతిలో కాగితం లేదు. మెట్టు పైన ఉన్నప్పుడు దీన్ని కఫాలా అంటున్నాం, దోపిడీ అంటున్నాం. మెట్టు కింద ఉన్నప్పుడు సంసారం అంటున్నాం! పైమెట్టు అన్యాయాన్ని అంత స్పష్టంగా గుర్తుపట్టిన మనిషి కిందిమెట్టును చూడలేకపోవడాన్ని అమాయకత్వమని నేను అనుకోను. చూడకపోవడంలో ఆయనకు లాభం ఉంది.

సోషియాలజీ వాళ్ళం మేము దీనికి చాలాకాలం పెద్ద పేర్లు పెట్టి సమర్థించాం. ఒక జాతివాళ్ళు ఒకచోట గుమిగూడి దుకాణాలు, హోటళ్ళు పెట్టుకుంటే వలసవచ్చినవాళ్ళు బయటి వివక్షను తప్పించుకుని పైకి రాగలరని 1980లో కెన్నెత్ విల్సన్, అలెహాంద్రో పోర్టెస్ మయామీలోని క్యూబా వలసదారులను చూసి వాదించారు. 1989లో మిన్ జౌ, జాన్ లోగాన్ న్యూయార్క్ చైనాటౌన్‌లో లెక్క తీస్తే, చదువుకూ అనుభవానికీ తగ్గ ఫలితం అక్కడ మగవాళ్ళకే దక్కుతోందనీ, ఆడవాళ్ళకు దక్కడం లేదనీ తేలింది. బ్రిటన్‌లో బట్టలు కుట్టే పరిశ్రమను చూసిన ఆనీ ఫిజాక్లియా, వలస వ్యాపారవేత్తలను నిలబెట్టింది తమ ఇంటి, తమ కులపు ఆడవాళ్ళ చౌక శ్రమేనని తేల్చి చెప్పింది. అంత దూరం ఎందుకు, మన నర్సాపురం ఉంది కదా. 1982లో అచ్చయిన మరియా మీస్ పుస్తకం మనలో చాలామంది చదివిందే. లేసు అల్లే ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకునే గృహిణులట, దాన్ని అమ్ముకునే మగవాళ్ళు ఎగుమతిదారులట! లేసు బదులు సాంబారు పెట్టండి. పెద్ద తేడా ఏమీ కనబడదు.

మన ప్రభుత్వ లెక్కలూ తక్కువ తినలేదు. కార్మిక సర్వేలో జీతమిచ్చి మనుషులను పెట్టుకున్న యజమానికి కోడ్ 12. అదే దుకాణంలో జీతం లేకుండా పని చేసే ఇంటి మనిషికి కోడ్ 21. ఇంటిపని తప్ప ఏమీ చేయదని రాస్తే కోడ్ 92. మొదటి రెంటినీ 'స్వయం ఉపాధి' అనే ఒకే గంపలో వేస్తారు. పైసా చేతికి రాని ఉపాధి, దానికి స్వయం అని పేరు. ఇక 21కి, 92కి మధ్య తేడా చాలాసార్లు ప్రశ్న అడిగినప్పుడు జవాబిచ్చేది భర్తా భార్యా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇదంతా గల్ఫ్ సంగతి, చదువుకున్నవాళ్ళు పోయే అమెరికాలో ఇట్లా ఉండదు అనేవాళ్ళు ఉన్నారు. అక్కడ హెచ్-1 వీసా మీద పోయిన భర్తల వెంట హెచ్-4 మీద పోయిన భార్యలకు 2015 మే దాకా పని చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా అందరికీ రాలేదు. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయిలు అపార్ట్‌మెంట్లలో కూరలు వండి డబ్బాల్లో సర్ది, తెలిసినవాళ్ళకు చాటుగా అమ్మారు. ఇవాళ అమ్మ, అమ్మమ్మ, అత్తమ్మ పేర్లు లేని తెలుగు హోటలు బోర్డు అక్కడ అరుదు. బోర్డు మీదికి అమ్మ ఎక్కింది, బ్యాంకు ఖాతాలోకి మాత్రం ఎక్కలేదు.

ఇంకా చీకటి సంగతి కూడా ఉంది. అప్పటి కృష్ణా జిల్లా మైలవరం దగ్గర వెల్వడం నుంచి 1960లో చదువుకోసం పోయిన లకిరెడ్డి బాలిరెడ్డి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 'పసంద్' అనే హోటలు పెట్టాడు, వెయ్యికి పైగా అపార్ట్‌మెంట్లకు యజమాని అయ్యాడు, సొంత ప్రాంతంలో కాలేజీ కట్టించాడు. విజయగాథకు ఇంతకంటే ఏం కావాలి? 1999 నవంబరులో ఆయన అపార్ట్‌మెంటులో 17 ఏళ్ళ తెలుగు అమ్మాయి విషవాయువు పీల్చి చనిపోయింది. ఈ వయసు పిల్ల బడిలో ఎందుకు లేదని మొదట అడిగింది పెద్ద పత్రికలు కావు, బర్క్‌లీ హైస్కూలు విద్యార్థుల పత్రిక. కూపీ లాగితే పేద దళిత కుటుంబాల ఆడపిల్లలను దొంగ కాగితాలతో తెచ్చి, హోటల్లో, అపార్ట్‌మెంట్లలో పని చేయించుకుంటూ లైంగికంగా వాడుకున్నాడని బయటపడింది. అందులో కొన్ని వీసాలు సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు మీద వచ్చాయి. డయానా రస్సెల్ వంటి స్త్రీవాదులు, అక్కడి దక్షిణాసియా యువతీయువకులు రోడ్డెక్కారు. 2001లో బాలిరెడ్డి నేరం ఒప్పుకున్నాడు, 97 నెలల శిక్ష పడింది, 20 లక్షల డాలర్లు పరిహారం కట్టవలసి వచ్చింది.

దోమకొండ మెస్సు నడిపేవాడికీ బాలిరెడ్డికీ పోలిక పెడుతున్నానని ఎవరూ పొరపాటు పడకండి. ఒకడు బతుకుదెరువుకు పోయినవాడు, ఇంకొకడు భూస్వామ్యాన్ని సముద్రం దాటించినవాడు. నేను చూపించాలనుకున్నది ఒక్కటే. 'మన ఊరివాడు, మన కులంవాడు, మనకు అన్నం పెట్టినవాడు' అన్న బంధంలో పని చేసేవాళ్ళకు పేరూ, కాగితమూ, జీతమూ లేకపోతే అది ఎంతదూరమైనా పోవచ్చు. యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నదాని మీద ఆడవాళ్ళ భద్రత ఆధారపడకూడదు. పాస్‌పోర్టు గల్లాపెట్టెలో పెట్టించుకున్న కుర్రాళ్ళ విషయంలోనూ నేను చెప్పేది ఇదే.

నేను ఇట్లా అన్నప్పుడు మన మిత్రుల నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. అసలే అరబ్బుల చేతిలో, తెల్లవాళ్ళ చేతిలో అవమానాలు పడుతున్నవాళ్ళు, వాళ్ళ మీదే దాడి చేస్తారా, కుటుంబమంతా కలిసి నిలబడితే కదా బతికేది అని. ఈ మాట మనకు కొత్తది కాదు. పార్టీల్లో విన్నాం, కార్మిక సంఘాల్లో విన్నాం. ముందు వర్గపోరాటం, తర్వాత మీ ప్రశ్నలు అన్నారు. ఇప్పుడు ముందు జాతి గౌరవం, తర్వాత మీ ప్రశ్నలు. కుటుంబం కలిసి నిలబడడం అంటే ఒకరు పొయ్యి ముందు, ఒకరు గల్లాపెట్టె ముందు అని ఎక్కడ రాసి ఉంది?

వండి పెట్టడాన్ని వ్యాపారంగా, కార్మికుల పనిగా గుర్తింపచేసుకున్న స్త్రీలు మన పక్కనే ఉన్నారు. బొంబాయి బట్టల మిల్లుల కాలంలో ఊళ్ళ నుంచి ఒంటరిగా వచ్చిన కార్మికులకు, అందులో మన పద్మశాలీలూ ఉన్నారు, ఒంటిగది చాల్‌లలో ఆడవాళ్ళు ఖానావళులు నడిపి అన్నం పెట్టారు. నెలాఖరుకు వచ్చే డబ్బు కోసం ఎదురుచూస్తూ, బియ్యం కోసం వడ్డీవ్యాపారి దగ్గర చేయి చాస్తూ బతికారు. మిల్లు కార్మికుల ఉద్యమంలో పని చేసిన ప్రేమా పురవ్ 1975లో వాళ్ళను అన్నపూర్ణ మహిళా మండలిగా కూడగట్టింది. బ్యాంకు అప్పులు వాళ్ళ పేర్ల మీదే వచ్చాయి, వాళ్ళ వంట కోసమే వచ్చాయి. ఎవరి భార్యగానో కాక, ఖానావళి నడిపే మనిషిగా బ్యాంకు గుమ్మం ఎక్కారు. 1982 సమ్మెతో మిల్లులు దెబ్బతిని వాళ్ళ గిరాకీ కుదేలైనా సంఘం నిలబడింది. పనికి పేరు ముందే వచ్చింది కనుకే నిలబడిందని నా నమ్మకం.

కాబట్టి మన సంఘాల ముందు నా ప్రతిపాదనలు పెడుతున్నాను. వలస హోటళ్ళ యజమానులకు సన్మానాలు, అవార్డులు మన వేదికల మీద వద్దు. పిలవదలిస్తే, లైసెన్సులోనో వాటాల కాగితంలోనో భార్య పేరు ఉన్నవాళ్ళను పిలుద్దాం, అప్పుడు పిలుపుల జాబితా ఎంత పొట్టిదవుతుందో తెలుస్తుంది. 30 ఏళ్ళ నిబంధన ఎత్తివేయాలని, దాని స్థానంలో ఒప్పందాలు, రాయబార కార్యాలయాల్లో ఆడవాళ్ళు నేరుగా ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు కావాలని అడగాలి. ఇవి పెద్ద పనులు, ఏళ్ళు పడతాయి.

దోమకొండలో రేపే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. సంఘం అప్పు దరఖాస్తులో బర్రె అని రాయడం మానెయ్యాలి. డబ్బు దుబాయి హోటలుకు పోతుంటే హోటలు అనే రాయాలి. అట్లా రాస్తే బ్యాంకు అప్పు ఇవ్వదని సంఘం లీడర్లు భయపడతారు, ఆ భయం నిజమైనదే. అయితే ఆ కొట్లాట బ్యాంకుతో మనం పడాలి, ఆమెను అబద్ధంలో ఒంటరిగా వదిలేయకూడదు. ఆ దరఖాస్తుతోపాటు ఇంకొక కాగితం తయారు కావాలి. ఎంత బంగారం అమ్మింది, ఎంత అప్పు తెచ్చింది, దానికి హోటల్లో ఆమె వాటా ఎంత అన్నది తెలుగులో రాసి, ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలతో స్టాంపు కాగితం మీద ఉండాలి. ఆయన విమానం ఎక్కకముందే. ఎక్కిన తర్వాత ఫోనులో సంతకం దొరకదు.